మా ఆయన చెక్కిన రూపాయి

పొద్దున కాఫీకి ముందు నాకొక పని ఉండేది. పాత పళ్ల బ్రష్షు కిరసనాయిల్లో ముంచి టైపు మిషను అచ్చులన్నీ తోమాలి. గుండ్రటి అక్షరాల బొక్కల్లో సిరా గడ్డకట్టి ఉండేది. తోమి, గుడ్డతో ఒత్తి ఇస్తే మా ఆయన దాన్ని సైకిలు వెనక కట్టుకుని పోయేవాడు. ఆయన చనిపోయి నాలుగు నెలలైంది. మిషను గుడ్డ కప్పుకుని కూర్చుంది. నేను ఏం చేయాలో తోచక వాకిలి రెండుసార్లు ఊడుస్తున్నాను.

ఆయన పేరు మునస్వామి. చిత్తూరు కోర్టు బయట ఇరవై ఏళ్లు అర్జీలు, ఒప్పందాలు టైపు కొట్టాడు. వేలంలో కొన్న ఆ మిషను ఇంగ్లండులో చేసింది. అందులో వాళ్ల డబ్బు పౌను గుర్తు ఉంది, మన రూపాయి గుర్తు లేదు. అందరూ ఇంగ్లీషులో ఆర్, ఎస్ అని రెండక్షరాలు కొట్టి ఊరుకునేవారు. ఈయన ఊరుకోలేదు. రెండూ కలిసిన ఒక్క గుర్తు ఒక్క దెబ్బకు పడాలట. డెబ్బై నాలుగులో మూడు నెలలు ఇత్తడి ముక్కను సన్న ఆకురాయితో అరగదీసి, పౌను అచ్చు పీకించి, దాని చోట ఇది కంసాలి చేత అతికించాడు.

మొదట మామిడికాయల వ్యాపారి నవాబు ఒప్పందం మీద కొట్టాడు. గుర్తు తిరగబడి పడింది. స్టాంపు కాగితం పాడైంది. అచ్చులో అక్షరం తిరగేసి ఉండాలని, పొద్దస్తమానం అచ్చుల ముందు కూర్చునే మనిషికి తట్టలేదు. నాకు తెలుసు, రోజూ తోమేదాన్ని. నన్నడిగితే కదా.

"ఏమప్పా మునస్వామీ, ఈ రూపాయలు నేను అద్దం ముందర నిలబడి ఇయ్యల్లనా?" అన్నాడట నవాబు.

ఆ మాటకు ఇంటికొచ్చి, గుర్తును అందులో చూసుకుంటూ చెక్కాలని నా బొట్టు అద్దం పట్టుకుపోయాడు. మళ్లీ మూడు నెలలు నేను పక్కింటి చంద్రకాంతమ్మ అద్దంలో బొట్టు పెట్టుకున్నాను. ఈసారి గుర్తు సరిగ్గా పడింది. అద్దం ఇప్పుడు ఇంట్లోనే ఉంది. దానితో నాకు పని లేదు.

ఎనభై ఆరులో తిరుపతిలో కంప్యూటరు నేర్పే చోటు పెట్టారని విని ఒకరోజు పని మానుకుని బస్సెక్కాడు. అలిపిరిలో దండం పెట్టుకోవచ్చని ఆశ చూపి నన్నూ ఎక్కించాడు. బస్సు పూతలపట్టు దాటినా అలిపిరి మాటే చెప్పాడు.

"సార్, ఇందులో రూపాయి యాడుండాది?" అని అక్కడి మాస్టరును అడిగాడు.

"లేదు పెద్దాయనా. లోపల ప్రతి గుర్తుకూ ఒక నంబరుంటాది. డాలరుకు ముప్పై ఆరు. రూపాయికి నంబరు ఇయ్యలేదు. ఆర్, ఎస్ కొట్టుకోవల్సిందే."

"డాలరు ఈడ ఎవురి జేబులో ఉండాది సార్?"

"మిషను చేసినోళ్ల జేబులో."

"అట్లయితే మీరే ఒక నంబరియ్యండి."

"మేమిస్తే ఈ మిషనుకే తెలుస్తాది. పక్క మిషను అదే నంబరుకు ఇంకో బొమ్మ ఏస్తాది."

ఇదే గంటసేపు. అలిపిరి లేదు, అన్నం లేదు. "నా ఆకురాయి చేసింది అంత పెద్ద మిషను చేయలేకపాయ," అని బస్సులో ఆయనకు ఒకటే సంబరం. నాకు తలనొప్పి.

ఇప్పుడు మా తమ్ముడు వరదయ్య మిషను అమ్మేయమంటున్నాడు. టైపు నేర్పే పరంధామయ్యను నిన్న తోడుకుని వచ్చాడు. ఆయన మిషను చూసి పెదవి విరిచాడు.

"అమ్మా, పరీక్షకు పెట్టే మిషనుకు కంపెనీ అచ్చులే ఉండల్ల. పౌను యాడబోయింది?"

"పొడుం డబ్బీలో దాచినాడు," అన్నాను.

"రేపు మెకానిక్కును తెస్తా. డబ్బీ తీసి ఆ అచ్చు తోమిపెట్టు. ఈ పిచ్చి గుర్తు పీకేసి అది అతికిస్తే మిషను నాది."

"ఇన్నేండ్లు తోమినావు గదక్కా, ఒక్క అచ్చు తోమేకి ఎంతసేపు?" అన్నాడు తమ్ముడు.

పొద్దున లేచి కిరసనాయిలు తీశాను. గుడ్డ తీసి అచ్చులన్నీ తోమాను, ఆయన రూపాయి కూడా. పొడుం డబ్బీ అటక మీద ఉంది. ముక్కాలిపీట వేసుకుంటే అందుతుంది. పరంధామయ్య వచ్చే వేళైంది. పీట వేయలేదు.