పంతొమ్మిది వేల నూరో సంవత్సరం

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటర్ తెర మీద పసుపు గీత కనబడింది. అదేమిటని అడిగాను. "వార్నింగే సార్, ప్రోగ్రాం నడుస్తోంది" అంది. నాకు ఆత్మకూరు గుర్తొచ్చింది.

తొంభై తొమ్మిదిలో ఉదయగిరి నుంచి రోజూ బస్సులో ఆత్మకూరు వెళ్లి ఒక కంప్యూటర్ సెంటరులో జావా నేర్చుకునేవాణ్ణి. నేర్పే అక్కది చేజర్ల. ఆమెకది మొదటి ఉద్యోగం. కోర్సు ముగిసే తేదీతో సర్టిఫికెట్ అచ్చువేసే ప్రోగ్రాం నాకప్పగించింది. కంపైల్ చేసినప్పుడల్లా, నేను వాడింది పాత పద్ధతని ఒక హెచ్చరిక వచ్చేది. నేను పట్టించుకోలేదు. ఒకరోజు అందరి ముందూ అక్క అనేసింది: "ఏందబ్బయా, తెర మీద అంత తెల్లంగా రాసుంటే చదవను రాదా?"

"తప్పు కాదు గదక్కా, హెచ్చరికే. నడస్తా ఉండాది గదా."

"నడస్తాది. యాడిదాకా నడస్తాదో అదే చెప్తా ఉండేది."

పక్కవాళ్లు నవ్వారు. నన్ను చూసి నవ్విన వాళ్లను నేను ఈనాటికీ పేరుపేరునా చెప్పగలను. పంతం కొద్దీ ఆ హెచ్చరిక జోలికి పోలేదు.

సెంటరు యజమాని మా మామ స్నేహితుడు. ఆ యజమాని నా ప్రోగ్రాం చూడటానికొచ్చిన రోజు, రాబోయే జనవరి తేదీ కొట్టమన్నాడు. తెర మీద సంవత్సరం 19100 అని పడింది.

"ఏందిరా ఇది? పంతొమ్మిది వేల నూరా? అందాకా వీళ్లని ఈ ఫ్యాను కిందే కూర్చోబెట్టాల్నా?"

గది గొల్లుమంది. నా నోట్లోంచి వచ్చేసింది: "నిన్న నా ప్రోగ్రాం ఉండే ఫ్లాపీ అక్క తీసుకున్నింది సార్. ఏం మార్చిందో ఏమో."

"నేను చూసినాను సార్, మార్చలేదు" అందామె. అని నావైపు చూసింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నేను కీబోర్డు వైపు చూశాను. యజమాని మా మామతో స్నేహం కొద్దీ నన్నే నమ్మాడు.

సోమవారానికి అక్క కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. ఆ రోజే మొదటిసారి హెచ్చరికను చివరిదాకా చదివాను. వివరాలు కావాలంటే ఎలా కంపైల్ చేయాలో అందులోనే ఉంది. అలా చేస్తే ఇరవై మూడో లైను చూపించింది. ఆ పాత పద్ధతి పంతొమ్మిది వందల సంవత్సరం తర్వాత గడిచిన ఏళ్లు మాత్రమే ఇస్తుంది. ముందు 19 అంటించింది నేను. తొంభై తొమ్మిదికి సరిపోయింది, రెండు వేలకి నూరు రాగానే బయటపడింది. అక్క ఒక్క అక్షరం మార్చలేదు.

నేను దిగే చోటే అక్క వాళ్ల చేజర్ల బస్సు ఆగేది. ఒక్కనాడూ ఎక్కలేదు.

ఆ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని, ఆ హెచ్చరిక పైకి చదవమన్నాను. చదివింది. నా ప్రోగ్రాం ఒక్క ఏడాది దాటగానే లెక్క తప్పింది కానీ, ఆత్మకూరులో ఆ కుర్చీ నుంచి అక్క వెళ్లిపోయి ఎన్నేళ్లయిందో నాకు మాత్రం ఏ ఏడూ లెక్క తప్పలేదు.