పిల్లి బొమ్మ రీలు

చౌటుప్పల్ మందుల కంపెనీలో సూపర్‌వైజర్ సాల్మన్‌కు నలభై దాటాయి. షిఫ్టులో కింది వాళ్ల మీద కస్సుమంటాడు గానీ, ఇంట్లో అల్మారా నిండా పాత కార్టూన్ రీళ్లే. ఒకప్పుడు టూరింగ్ టాకీసుల్లో అసలు సినిమాకు ముందు వేసిన చిన్న చిన్న బొమ్మలు. "గవన్నీ ఫోన్‌ల రావా?" అని భార్య స్వర్ణ అడిగితే, "ఫోన్‌ల వచ్చేటియి కడిగి తుడిచినయే. రీలుల సూడు, గీసినోని చెయ్యి వణికింది గూడ కనవడ్తది" అనేవాడు. బయట మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. దున్నపోతులా పెరిగిన మనిషి బొమ్మలు చూస్తాడంటే నవ్వరా మరి!

కట్టంగూర్‌లో టాకీసు నడిపిన లియాఖత్ అలీ చనిపోయాడనీ, ఆయన పెట్టెలో ఒక పిల్లి బొమ్మ రీలు మిగిలిందనీ తెలిసి సాల్మన్ పరుగెత్తాడు. ఆయన భార్య హుస్సేన్ బీ "ఎందుకు బిడ్డా?" అని అడగ్గానే నోటికొచ్చింది అనేశాడు.

"మా పిల్లలకు సూపెట్టనీకి అమ్మా. ఇద్దరున్నరు."

నిజానికి వాళ్లకు పిల్లలు లేరు. హుస్సేన్ బీ ముఖం వెలిగిపోయింది. ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, రీలును పాత చీర ముక్కలో చుట్టి చేతిలో పెట్టింది. ఆ సంబరంలో సాల్మన్ అబద్ధాన్ని అక్కడే వదిలేసి వచ్చాననుకున్నాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం కిటికీలు మూసి, గోడకు తెల్లదుప్పటి కట్టి, ఆ రీలు ప్రొజెక్టర్‌కు ఎక్కిస్తుండగా గుమ్మంలో హుస్సేన్ బీ! హైదరాబాద్ కంటి దవాఖాన నుంచి తిరిగి వెళ్తూ దిగిందట. పిల్లలున్న ఇంటికి ఒట్టి చేతులతో రాకూడదు కదా, సంచి నిండా పల్లిపట్టీలు తెచ్చింది.

"ఇద్దరు పిల్లలున్నరంటివి, ఏరి బిడ్డా?"

సాల్మన్‌కు దొంగకు తేలు కుట్టినట్టయింది. అమ్మమ్మ ఇంటికి పోయారనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వంటింటి తలుపు దగ్గర స్వర్ణ నిలబడి వింటోంది. ఆమె ముందు, లేని పిల్లలను ఊరికి పంపడం ఎట్లా?

"లేరమ్మా. నాకోసమే అడిగిన. సిగ్గయి పిల్లలకని చెప్పిన."

హుస్సేన్ బీ తిట్టినా బాగుండేది. సంచి మెల్లగా స్వర్ణ చేతికిచ్చింది.

"మాకు గూడ లేరు బిడ్డా. అందుకే ఆయన వాడకట్టు పోరగాండ్లను పిలిచి గీ బొమ్మ ఏసేటోడు. నీ పిల్లలు నవ్వుతుంటే జర సూసి పోదామని వచ్చిన."

సాల్మన్‌కు తల కొట్టేసినట్టయింది.

"సరే తియ్యి. ఎక్కించినవ్ గదా, ఎయ్యి," అంటూ హుస్సేన్ బీ చాప మీద కూర్చుంది.

దుప్పటి మీద పిల్లి గంతులేసింది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. సంచి ఒళ్లో పెట్టుకుని చూస్తున్న స్వర్ణ, భర్తకు మాత్రమే వినపడేలా అడిగింది.

"గా ఇద్దరికి పేర్లేం పెట్టినవ్?"

బొమ్మ అయిపోయేదాకా సాల్మన్ నేల చూపులు చూస్తూనే ఉన్నాడు.