పగటి నిద్రకు నల్ల కాగితం

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి జహీరాబాద్ ఎండ మొదటి శత్రువు. రెండో శత్రువు మా అత్తమ్మ అని ఒక ఎండాకాలంలో కొన్నాళ్ళపాటు గట్టిగా నమ్మాను. ఈ మాట ఆమెకు కూడా చెప్పాను కాబట్టి ఇక్కడ రాయడానికి భయం లేదు.

హైవే పక్కన ఒక ప్రైవేటు దవాఖానలో నేను నర్సును. రాత్రి ఎనిమిదికి వెళ్ళి పొద్దున ఎనిమిదికి బయటపడతాను. నేను ఇల్లు చేరేసరికి మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళిపోయి ఉంటాడు. ఇంట్లో మిగిలేది అత్తమ్మ, నేను, పడకగది నిండా ఎండ. ఆ గదికి రెండు పెద్ద కిటికీలు, ఒకటి తూర్పుకు, ఒకటి వీధి వైపుకు. గాలీ వెలుతురూ ధారాళంగా రావాలని మామయ్య పట్టుబట్టి పెట్టించాడట. మంచి మనిషే, కాలం చేశాడు, కోడలు రాత్రి డ్యూటీలు చేసే నర్సవుతుందని పాపం ఆయనేం కలగన్నాడు?

పల్చటి పూల కర్టెన్లు ఉండేవి. అవి ఎండను ఆపేవి కావు, దానికి పూల రంగులు పూసి లోపలికి పంపేవి. ముఖానికి చున్నీ చుట్టుకుని పడుకుంటే ఉక్క. తీసేస్తే వెలుతురు. రెండు గంటలు కన్ను మూతపడితే ఆ రోజు పండగే.

అలా నడుస్తుండగా ఒక రాత్రి, మూడో మంచం పేషెంటుకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పట్టుకుని నాలుగో మంచం దగ్గర నిలబడ్డాను. అక్కడున్నది మొగుడంపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన. "నాకు ఇప్పుడే ఇచ్చిన్రు గద బిడ్డా" అన్నాడు. ఆయన నిద్రపోతూ ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. నేనే వెళ్ళి ఇన్‌చార్జ్ సిస్టరుకు చెప్పాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇంటికి పోయి పండుకుంటున్నవా, లేదా?" అంది. "ఇంకోసారి గిట్లయితే నేను నిన్ను ఉంచుకోలేను. తప్పు నీది కాకపోవచ్చు, కని ఆ పెద్దమనిషి పానం ఆయనది గద."

ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందన్నది అంతకంటే పెద్దది. నాతో పనిచేసే ఒకామె ఫోను తీసి నల్ల కాగితం తెరలు చూపించింది. విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటాయి, పైన జిగురు పట్టీ, కింద ఎత్తి పెట్టుకోవడానికి రెండు క్లిప్పులు. గుడ్డ తెరల ధరలో పావు వంతు కూడా లేదు. ఆ రోజే తెప్పించుకున్నాను.

వచ్చిన పెట్టె విప్పుతుంటే అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. న్యాల్‌కల్ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, కిటికీలన్నీ బార్లా తెరిచాకే టీ తాగుతుంది.

"గిదేంది? పొద్దెక్కినంక కిటికీలు మూస్తే ఇంట్ల ఎవలన్న సచ్చిన్రనుకుంటరు."

"నేను చావకుండ ఉండనీకే మూస్తున్న అత్తమ్మా."

"పట్టపగలు కోడలు పండుకుంటే లచ్చిమి నిలుస్తదా ఇంట్ల?"

"లచ్చిమి రాత్రంత నాతోని డ్యూటీ చేస్తది. పగలు ఆమె గూడ పండుకోవాలె గద!"

ఆమె నవ్వలేదు. నాకూ అప్పుడు నవ్వించే ఓపిక లేదు.

తెర కట్టడం నేననుకున్నంత సులువేమీ కాలేదు. టేపు కనబడక కిటికీని జానతో కొలిచాను. రెండు వేళ్ళ మందం తక్కువ కోశాను. ఆ సందులోంచి ఎండ కత్తిలా వచ్చి సరిగ్గా దిండు మీద పడింది. జిగురు పట్టీని కిటికీ పైన సున్నపు గోడకు అంటించాను. మధ్యాహ్నం పన్నెండుకల్లా సున్నం పొడితో సహా తెర మొత్తం వచ్చి నా ముఖం మీద పడింది. ముక్కులోకి సున్నం పోయి తుమ్ముతూ లేచి కూర్చున్నాను. మర్నాడు మెడికల్ షాపులో ప్లాస్టర్ చుట్ట కొన్నాను, సెలైన్ సూది కదలకుండా వేసేదే. చెక్క చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తెరను అడ్డంగా నిలువుగా ప్లాస్టర్ వేసి బిగించాను. పక్క సందులకు పిల్లల పుస్తకాలకు వేసే అట్ట కాగితం అంటించాను. చూడ్డానికి కిటికీకే దెబ్బ తగిలి కట్టు కట్టినట్టుంది. కానీ తలుపు వేయగానే నా చేయి నాకు కనబడలేదు. ఆ చీకట్లో నిలబడి గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నే.

ఆ రోజు ఆరు గంటలు పడుకున్నాను. మర్నాడు కూడా. విచిత్రమేమిటంటే వీధిలో చప్పుడే వినబడలేదు. కూరగాయల బండి మైకు లేదు, పిల్లల క్రికెట్ లేదు, తలుపు కొట్టి పెరుగు తోడడిగే వాళ్ళు లేరు. ఈ కాగితం వెలుతురునే కాదు, చప్పుణ్ణి కూడా ఆపుతుందని నాతో పనిచేసేవాళ్ళకు గొప్పగా చెప్పాను. ఇంకో ఇద్దరు నా మాట నమ్మి తెప్పించుకున్నారు కూడా.

వారం గడిచింది. డ్యూటీలో నా చేయి నిలకడగా ఉంది. మందు చీటీని రెండుసార్లు చదివే అవసరం లేకపోయినా రెండుసార్లే చదివేదాన్ని. ఇంట్లో మాత్రం ఒక తేడా కనిపించింది. పప్పులో పోపు ఉండటం లేదు. గేటుకు వేపమండలు కట్టి ఉన్నాయి. అడిగితే "ఎండకాలం గద, సలువ" అంది అత్తమ్మ. ఇంట్లో అమ్మవారు పోసినవాళ్ళుంటేనే పోపు మానేసి వేపాకు కడతారని నాకు తెలియక కాదు. ఒంటి మీద పొక్కు లేకుండా తిరుగుతున్నదాన్ని, నా గురించేనని ఎలా అనుకుంటాను?

ఆ రాత్రి డ్యూటీ ఎక్కిన కాసేపటికి మా ఎదురింటావిడ మనవణ్ణి ఎత్తుకుని దవాఖానకు వచ్చింది. పిల్లాడికి జ్వరం. తెలిసిన మనిషని నవ్వుతూ థర్మామీటర్ పట్టుకుని దగ్గరికి వెళ్ళాను. ఆమె పిల్లాణ్ణి గుండెకు అదుముకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, ముట్టకు! ఈమెకు అమ్మవారు పోసిందమ్మా! వారం సంది చీకటి గదిల పండవెట్టిన్రు, కిటికీలకు నల్ల కాగితాలు గూడ కట్టిన్రు. గీమెను పసిపిల్లల ముట్టనిస్తరా మీరు?"

వార్డు మొత్తం నా వైపు తిరిగింది. ఇన్‌చార్జ్ సిస్టర్ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి ట్యూబులైటు కింద చేతులు, మెడ, వీపు అన్నీ చూసింది. దోమ కుట్టిన మచ్చ తప్ప ఏమీ లేదు.

"నీకేం లేదని నాకు తెల్సు," అంది. "కని పేషెంట్లు నీ చేతి సూది వద్దంటున్రు. మీ ఎదురింటామె నోటితోనే తప్పని చెప్పించు. అప్పటిదాక డ్యూటీకి రాకు."

ఆ రాత్రంతా నన్ను స్టోర్ గదిలో దూది ఉండలు చుట్టమన్నారు. ఒక్కో ఉండ చుడుతున్నకొద్దీ కోపం పెరిగింది. పొద్దున ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గిన్నెలు తోముతోంది.

"నాకు అమ్మవారు పోసిందని ఎవలు చెప్పిన్రు?" అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

"నేనే," అంది, తల ఎత్తకుండా.

జరిగిందంతా చెప్పాను. ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది.

"ఎదురింటామె అడిగింది, ఆ కాగితాలేందని. కోడలు పట్టపగలు పండుకున్నదని చెప్పనీకి నోరు రాలె. అమ్మవారు పోసిందన్న. ఆ దినం సంది ఒక్కరన్న తలుపు కొట్టలె. కూరగాయల బండిని, పోరగాండ్లను గూడ ఆమెనే అవతలికి తోలింది. నువ్వు గురక పెట్టి పండుకున్నవ్. మూడేండ్లల్ల నీ గురక నేను ఇనలె. ఇగ ఆ అబద్దం వాపస్ తీస్కోబుద్ది కాలె. రోజు పోచమ్మ ముందర చెంపలేసుకుంటున్న బిడ్డా."

నవ్వు రావాల్సిన చోట ఏడుపు వచ్చింది. ఆమె నా నిద్రకు కాపలా కాసిందని అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు.

"నాకు రోగమని చెప్పనీకి నోరొచ్చింది," అన్నాను. "అలసిపోయి పండుకున్నదని చెప్పనీకి రాలేదా అత్తమ్మా?"

నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ తెరలు రెండూ పీకి బయట పారేద్దామని ప్లాస్టర్ అంచు గోటితో లాగాను. నేనే వేసింది, ఎక్కడ ఊడుతుంది? మంచం మీద పడి చీకట్లోకి చూస్తూ ఉండిపోయాను. ఉద్యోగం పోయినట్టేనని, ఇంక ఈ గదిలో చీకటి ఉన్నా లేకపోయినా ఒకటేనని అనుకున్నాను.

అది వీధి నల్లాలో నీళ్ళు వచ్చే వేళ. కిటికీ అవతల ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. కాగితం చప్పుణ్ణి ఆపదని ఆ రోజు నాకు బాగా తెలిసింది. మా గేటు తీసిన చప్పుడు, తర్వాత అత్తమ్మ గొంతు వినిపించాయి.

"ఇగో, జర అందరు ఇనున్రి. నా కోడలికి ఏ అమ్మవారు పోయలె. నేనే అబద్దమాడిన."

ఎవరో బిందెను ఠంగున కింద పెట్టారు.

"రాత్రంత మేము పిలగానికి గూడ అంటుకున్నదేమొనని సచ్చినం గదనే అక్కా," అంది ఎదురింటావిడ గొంతు, మండిపడుతూ. "మరి ఆ నల్ల కాగితాలేంది? దినమంత చీకట్ల ఏం చేస్తది?"

నేను లేచి కూర్చున్నాను. ఈసారి ఇంకేం రోగం అంటగడుతుందో అని కిటికీ దగ్గరికి జరిగాను.

"పండుకుంటది," అంది. వెంటనే గొంతు పెంచి, వీధి చివరిదాకా వినబడేలా అంది: "పట్టపగలు పండుకుంటది. నీ కొడుకు రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకుంటే ఏమంటవ్ చెల్లె? అలసిపోయిండంటవ్. ఆని మంచం కాడికి ఈగను గూడ రానియ్యవ్. నా కోడలు గూడ రాత్రంత నిలబడే వస్తది. నలుగురి పానాలు చూస్తది. ఆమెకు నిద్ర ఉండొద్దా?"

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్న చప్పుడు లోపలికి వినబడింది.

"గా ముక్క ముందే చెప్తే నేను గంత లొల్లి చేద్దునా?" అంది చివరికి ఎదురింటావిడ. గొంతులో మంట తగ్గింది. "సరే తియ్యి. పొద్దుగూకంగ నేనే దవాఖానకొచ్చి ఆ పెద్ద సిస్టరుకు చెప్త. ఓ పోరలార, బంతాట అవతలికి పోయి ఆడుకోన్రి."

కొద్దిసేపటికి మా గది తలుపు మెల్లగా తెరుచుకుంది. వెనక వెలుతురులో అత్తమ్మ నీడ మాత్రమే కనిపించింది. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకు నేను కనిపించి ఉండను.

"పండుకున్నవా బిడ్డా?" అంది గుసగుసగా.

అవునని ఆమె నమ్మాలని కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి సాయంత్రం నాలుగున్నర.