స్కూలు బస్సు ఏసోబు తల పరీక్ష

మోత్కూర్‌లో ఏసోబును గంభీరమైన మనిషి అంటారు. ప్రైవేటు స్కూలు బస్సు నడుపుతాడు. వెనక నలభై మంది పిల్లలు చెవులు చిల్లులు పడేలా గోల చేస్తున్నా పెదవి కదపడు. "పిల్లల బండికి గిసొంటోడే ఉండాలె" అని తల్లిదండ్రులు మెచ్చుకుంటారు. ముప్పై నాలుగేళ్లు నిండకుండానే చర్చిలో సంఘ పెద్దను చేశారు. ఆ గాంభీర్యం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ ఆరా తీయలేదు. మంచి గుణానికి ఆరా ఎవరు తీస్తారు?

తెలంగాణ వచ్చిన ఏడాదే అతని తమ్ముడు రాజేశ్‌కు జబ్బు చేసింది. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని అన్నం మానేశాడు. మూడు నెలలు ప్రార్థనలయ్యాయి. తల్లి జానమ్మ పాస్టరుకు తెలియకుండా తాయెత్తు కూడా కట్టించింది. ఆ తర్వాత నల్లగొండలో ఒక డాక్టరు దానికి స్కిజోఫ్రినియా అని పేరు చెప్పి మందులు రాశాడు. రాజేశ్ మందులు వేసుకున్నాడు, కుదుటపడ్డాడు, జిరాక్సు దుకాణంలో పనికి కుదిరాడు. గొంతులు పూర్తిగా పోలేదు గానీ, "వాళ్ల పని వాళ్లు జేస్తరు, నా పని నేను జేస్త" అంటాడు.

కుదుటపడనివాడు ఏసోబు. ఆ రోజు డాక్టరు మాటల మధ్యలో, తోబుట్టువులకు కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ అన్నాడు. "కాస్త" అన్న ముక్క ఏసోబు చెవిన పడలేదు. అప్పటి నుంచి తనకు తానే కాపలా. జబ్బుకు ముందు రాజేశ్ తనలో తాను పాడుకునేవాడు కాబట్టి ఏసోబు పాట మానేశాడు. రాజేశ్ ఊరికే నవ్వేవాడు కాబట్టి నవ్వు మానేశాడు. నలుగురిలో కూర్చుంటే వాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నట్టు అనిపిస్తుందేమోనని దోస్తులను వదిలేశాడు. ఇట్లా అన్నీ తీసేయగా మిగిలిన మనిషిని పట్టుకుని ఊరు సంఘ పెద్దను చేసింది.

అతని భయం ఉత్త పిరికితనం అనుకుంటే పొరపాటు. స్టీరింగు చేతిలో ఉండగా ఆ గొంతు వినబడితే? వెనక నలభై మంది పసిపిల్లలు. ఆ ఆలోచన రాని పొద్దు ఒక్కటీ లేదు.

కిందటేడు నల్లగొండ దవాఖానకు పరిశోధన చేసేవాళ్లు వచ్చారు. జబ్బున్నవాళ్లవీ వాళ్ల తోబుట్టువులవీ మెదడు అలలు చూస్తారట. రాజేశ్ సరేనన్నాడు. ఏసోబు కూడా తమ్ముడి కోసమే అన్నట్టు వెంట బయలుదేరాడు. నీకేమీ లేదని ఒక్క కాగితం చేతికొస్తే చాలని అతని లోపలి మాట.

పెద్ద డాక్టర్ల ముందుకు పోతున్నారని జానమ్మ తెల్లారే ఏసోబు తలకు అరచేతి నిండా కొబ్బరినూనె పట్టించింది. ఎండిన తలతో కొడుకు గడప దాటితే ఆమెకు తలవంపు. రాజేశ్ మాత్రం నూనెకు తల వంచలేదు.

దవాఖానలో ఆ పని చూసే దీప్తి ఏసోబు తల ముట్టుకుని ఆగిపోయింది. "అన్నా, నూనె పెట్టుకోవద్దని కాగితంలో రాసినం గదా. వైర్లు అంటుకోవు."

"మూడో పేజీల ఉన్నది. నేను చదివిన" అన్నాడు రాజేశ్.

తొమ్మిది పేజీల కాగితం చదివినవాడు ఇంట్లో అతనొక్కడే. సంఘ పెద్ద దవాఖాన నల్లా కింద షాంపూతో రెండుసార్లు తల రుద్దుకున్నాడు.

పరీక్ష ఏమిటంటే, వైర్ల టోపీ పెట్టుకుని ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని ఊరికే కూర్చోవడం. చర్చిలో అందరి చప్పట్లూ ఒక్కసారే పడుతున్నాయా లేదా అని విన్నట్టు, మెదడులో ఈ భాగం అల ఆ భాగం అలతో ఎంత జతకూడుతున్నదో చూస్తారని దీప్తి చెప్పింది. రాజేశ్ హాయిగా కూర్చుని లేచాడు. ఏసోబు కళ్లు మూసుకోగానే కుడికాలు బ్రేకు తొక్కసాగింది. పళ్లు బిగిసిపోయాయి. "ఊకెనే కూసోవాలె అన్నా" అని దీప్తి నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

టోపీ తీయగానే ఏసోబు అడిగాడు. "నా రిపోర్టు ఎప్పుడిస్తరు మేడం?"

"ఒక్కొక్కరికి రిపోర్టు ఉండదన్నా. రెండు వందల మందివి కలిపి చూస్తె ఏమన్న తెలుస్తదేమో. ఒక్కరి అలలు చూసి వస్తది, రాదు అని ఎవ్వరూ చెప్పలేరు."

"గది ఆరో పేజీల ఉన్నది" అన్నాడు రాజేశ్.

ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయని, తమ్ముణ్ని బయట కూర్చోబెట్టమంటావా అని దీప్తి అడిగింది. వాడికేం తెలుస్తుందిలే అనుకుని ఏసోబు, "ఉండనీయ్" అన్నాడు.

"దోస్తులను కలుస్తుంటరా?"

"మానేసిన."

"మునుపు ఇష్టంగ చేసినవి ఇప్పుడు చేస్తున్నరా?"

"లేదు."

"నవ్వొస్తదా?"

"పదేండ్లాయె."

ఒక్కో జవాబుకూ దీప్తి పెన్ను నెమ్మదించింది. ఆ పెన్ను చూశాక ఏసోబుకు అర్థమైంది. జబ్బు దగ్గరికి రాకుండా తాను కట్టుకున్న గోడలన్నీ జబ్బు లెక్కలోకే చేరుతున్నాయి.

"గది జబ్బని రాయకున్రి మేడం" అన్నాడు రాజేశ్. "నాకొచ్చింది యాడ అంటుకుంటదో అని ఒక్కోటి ఇడిసిపెట్టిండు. నేను జూస్తనే ఉన్న. గా మాట అంటే బాధపడ్తడని అనలే."

దీప్తి పెన్ను పక్కన పెట్టింది. ఏసోబుకు ఏడుపు ఆగలేదు. తమ్ముణ్ని కాపాడుతున్నాడని అందరితో అనిపించుకుంటూ, పదేళ్లలో అతన్ని ఒక్క మాట అడగలేదని అప్పుడు తట్టింది. సిగ్గుతోనే అడిగాడు.

"మొదట్ల... నీకు గట్ల అయినప్పుడు, బయపడ్డవారా?"



"మస్తు బయపడ్డనే. నువ్వు పక్కన పండుకుంటె బాగుండనుకున్న. నువ్వేమో మంచం ఇంకో అర్రలకు ఏసుకుంటివి."