నానక్‌రామ్‌గూడకు రెండు మూటల క్యాబేజీ

పొద్దున ఐదుంబావుకు శంకర్‌పల్లిలో లింగంపల్లి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ నాకిచ్చారు, నా రెండు క్యాబేజీ మూటలకు మాత్రం డబ్బు తీసుకున్నారు. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు క్యాంటీన్ వాళ్ళు నమూనా తెమ్మన్నారు. నచ్చితే చేను మొత్తం వాళ్ళే కొంటారు. కానీ పురుగుమందు కొట్టని పంటే కావాలట.

పక్క సీట్లో మా ఊరి బాలమణి. లింగంపల్లిలో పూలమ్ముతుంది, ఊళ్ళో అర ఎకరం క్యాబేజీ కూడా ఉంది. నేను క్యాబేజీలో ఆవాలు వేసినప్పటి నుంచి ఆమెకు నేనంటే నవ్వులాట. "పురుగులకు గూడ వంట చేస్తున్నవా వదినా?" అని బస్సంతా వినేలా అడిగింది.

అవును, అదే చేశాను. ఇరవై ఐదు వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు. క్యాబేజీకి పట్టే రెక్కల పురుగుకు ఆవాల ఆకంటేనే ఎక్కువ ఇష్టం, గుడ్లు అక్కడే పెడుతుంది. క్యాబేజీ మీదికి వచ్చిన కాసిన్నింటికి వేపగింజల కషాయం. ఇదంతా ఆమెకు చెప్పే ఓపిక లేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఏడింటికి లింగంపల్లిలో దిగి టీ తాగాను. షేర్ ఆటోలో మూటల మీద కాళ్ళు పెట్టుకుని ఎనిమిదిన్నరకు క్యాంటీన్ వెనక గేటు చేరాను. సూపర్‌వైజర్ రాజమండ్రి వైపు మనిషి. ఒక గడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత నున్నగా ఉందేంటండీ? ఒక్క చిల్లూ లేదు. మందు బాగా కొట్టినట్టున్నారు."

తప్పు నాదే. పెళ్ళిచూపులకు తయారు చేసినట్టు, చిల్లులున్న పై ఆకులన్నీ ఒలిచి పారేశాను. ఇక ఏం చూపించను? మూట ఎత్తుకుందామని వంగితే అడుగున పరిచిన ఆకులు కనిపించాయి. గడ్డలు నలగకుండా మేం ఎప్పుడూ పచ్చాకు పరుస్తాం. ఈసారి పరిచింది ఆవాల ఆకు. ఒకటి పైకి తీశాను. జల్లెడలా ఉంది. దాన్నుంచి చిన్న పచ్చ పురుగు సన్నని దారం పట్టుకుని వేలాడుతోంది.

"మందు కొడితే గిది బతుకుతదా సారు? క్యాబేజీ నడుమనే ఏసిన ఆవాలు ఇవి, గీ ఆకు పురుగుల వంతు. మీ వంతు మీ చేతుల ఉంది, కోసి చూడుండ్రి" అన్నాను.

నాలుగు గడ్డలు కోశాడు. లోపల ఒక్క పురుగూ లేదు. వారానికి రెండుసార్లు పంపమన్నాడు, పై ఆకులు మాత్రం ఒలవొద్దన్నాడు. ఎంత గర్వపడ్డానో దాచుకోను. ఆ అద్దాల మేడల మధ్య నుంచి తలెత్తుకుని నడిచాను.

మధ్యాహ్నం మూడింటికి లింగంపల్లిలో తిరుగు బస్సు. బాలమణి నా ఖాళీ సంచుల వైపు చూసింది. శంకర్‌పల్లి దగ్గరికొచ్చాక నా చెవి దగ్గర మెల్లగా అంది: "మా చేన్ల గూడ పురుగు మస్తుగున్నది వదినా. జర ఆవాలిస్తవా?"

"ఇస్త. వచ్చే పంటకు ముందుగాల ఆవాలు చల్లు, పదిహేను రోజులకు క్యాబేజీ నారు నాటు" అన్నాను.

ఈసారి బస్సంతా వినేలా మాట్లాడింది నేను.