పొలిమేర దాటనివ్వని తాయెత్తు

నా జబ్బేమిటో మా వాడలో అందరికీ తెలుసు, మా అమ్మకు తప్ప. ఎండాకాలంలో పెళ్లయింది. ఆషాఢం రాగానే, అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదని నా భార్యను హసన్‌పర్తికి, పుట్టింటికి పంపేశారు. నేను అత్తగారి గడప తొక్కకూడదు, ఆమె మా గడప తొక్కకూడదు. పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరక ముందే చేరే ఊరది. ఆ నెలలో మాత్రం కాశీ దానికంటే దగ్గరనిపించింది.

ఉన్నన్నాళ్లూ ఆమె నా మగ్గం పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది. నాడెలో నూలు అయిపోయిందని నేను అనక ముందే కొత్త కండె నా చేతిలో ఉండేది. ఆమె వెళ్లాక కండెలు అమ్మ చుట్టేది. ఆ కండెలు అమ్మ మాటల్లాగే గట్టివి, అడిగితే గానీ రావు. నేను అలవాటుగా చేయి చాపేవాడిని. చేతిలోకి ఏమీ వచ్చేది కాదు. చాపిన చేయి అలాగే ఉండిపోయేది. అది చూసి అమ్మ భయపడింది. యుద్ధం పుణ్యమా అని నూలే దొరకని రోజుల్లో, దొరికిన కాస్త నూలుతో నేను అంచు వంకరగా నేస్తుంటే ఇంకా భయపడింది.

"తింటలేడు, పంటలేడు, చెయ్యి జాపి గాలితోని మాట్లాడ్తాండు. వీడు దేన్నో తొక్కిండు," అంది.

"గాలితోని కాదమ్మా, కండె కోసం."

"సప్పుడు జెయ్యకు. లోపలున్నది నీతోని గట్లనే పలికిస్తది."

దయ్యం పట్టినవాడికి ఉండే ఇబ్బంది ఇదే. కాదంటే అది దయ్యం మాట, ఔనంటే ఒప్పుకున్నట్టు.

వాడ చివర ఒక మంత్రాలాయన ఉండేవాడు. ఊళ్లో అందరి దగ్గుకూ విభూతి పెట్టేవాడు, తన దగ్గు మాత్రం తగ్గేది కాదు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, సాంబ్రాణి పొగ వేసి, వేపమండతో దిగదుడుస్తూ మంత్రం మొదలుపెట్టాడు. మధ్యలో దగ్గు వస్తే మంత్రం చెడుతుందట, మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఆ పొగలో దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? చివరికి రాగి రేకు మీద ఏవో అక్షరాలు గీకి, చుట్టి, తాయెత్తులో దూర్చి, లక్కతో మూసి, నల్లదారంతో నా మెడలో కట్టాడు.

"పున్నం దాకా పొలిమేర దాటొద్దు బిడ్డా. నీ చేతులార దారం తెంపొద్దు. తెంపితే నిన్ను పట్టింది నీ మనసులున్నోళ్ల మీద పడ్తది. దానంతట అది తెగితే ఫికర్ లేదు, దాని పని అయిపోయినట్టే. గప్పుడు యాడికన్న పో."

నాకు పొగలోనే నీరసం వచ్చింది. ఎందుకంటే నాకొక ఉపాయం ఉండేది. అత్తగారి గడప తొక్కకూడదన్నారు కానీ, హసన్‌పర్తి చెరువుకట్టకు గడప లేదు కదా! ఆమె నీళ్లకు వచ్చే వేళకు అక్కడ నిలబడి ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఇప్పుడు దానికీ తాళం పడింది.

తాయెత్తు మీద నాకు నమ్మకం లేదు. తెంపి పారేసి పోవచ్చు. కానీ నా మనసులో ఉన్నది ఒక్కతే. నమ్మకం లేని మాట నిజమో కాదో ఆమె మీద పరీక్షించి చూడలేను. అందుకని అది దానంతట అదే తెగాలని మొక్కుకోవడం మొదలుపెట్టాను. తాయెత్తు తెగాలని దేవుడికి మొక్కినవాడు మా వంశంలో నేనొక్కడినే అయి ఉంటాను.

దేవుడు విన్నాడు. ఒక ముసురు మధ్యాహ్నం వంగి పడుగు సవరిస్తుంటే మగ్గం కొయ్యకు దారం చిక్కుకుని పుటుక్కుమంది. తాయెత్తు నేస్తున్న బట్ట మీద పడింది. రెండు కొసలు తీసుకున్నాను, మెలిపెట్టాను, అతికాను, మెడలో వేసుకున్నాను, నాడె విసిరాను. విసిరాక గానీ నేను చేసిన ఘనకార్యం తలకెక్కలేదు. తెగిన పోగు కంటబడితే అతకడం పుట్టినప్పటి నుంచీ మా వేళ్లకు అలవాటు, అందుకు తలతో పని లేదు. ఇప్పుడిక తెంపితే నా చేతులార తెంపినట్టే.

అమ్మ వచ్చి దారమంతా తడిమి చూసింది. "అతుకే దొరుకుతలేదు. మంచిగ అతికినవ్ కొడుకా," అంది. నా పనితనాన్ని అమ్మ మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దెక్కాక నడుచుకుంటూ పొలిమేర దాకా పోయి, రాయి ఇవతల కూర్చున్నాను. హసన్‌పర్తి నుంచి రోజూ మా వాడకు చల్ల అమ్మవచ్చే ముసలామె ఖాళీ కుండతో తిరిగి పోతూ ఆగింది.

"ఏంది అల్లుడా, గీడ కావలి కూసున్నవ్? పోతరాజు సెలవు పెట్టిండా?"

"సెలవు నేనే ఇచ్చిన. నా పెండ్లాం ఎట్లున్నదవ్వా?"

"దానికేంది, మంచిగున్నది."

"నన్ను అడిగిందా?"

"నిన్నెందుకు అడుగుతది? మగ్గం సప్పుడు అడుగుతది. మీ ఇంటి ముంగట చల్ల పోసేటప్పుడు జర ఇని రావాల్నట. సప్పుడైతే నువ్వు మంచిగున్నట్టట."

"నువ్వేం చెప్పినవ్?"

"ఇన్నదే చెప్పిన. జర సేపు ఆడ్తది, ఆగుతది, మళ్ల ఆడ్తది అన్న. పిల్ల మొకం గింత చేసుకున్నది."

ముసలామె కుండ నెత్తికెత్తుకుని పొలిమేర దాటి వెళ్లిపోయింది. ఆమెకు తాయెత్తు లేదు, అదృష్టవంతురాలు.

మరుసటి రోజు "చల్లో" అన్న కేక వాడ మొదట్లో వినబడగానే మగ్గం ఎక్కాను. చాలినన్ని కండెలు ముందే తెచ్చి ఒళ్లో పోసుకున్నాను, చేయి చాపే పని లేకుండా. ముసలామె మా ఇంటి ముందు చల్ల పోస్తున్నంతసేపూ గుంజలు ఊగేలా నేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించి, అప్పటికప్పుడు కొబ్బరికాయ తీసుకుని మంత్రాలాయన ఇంటికి బయలుదేరింది. నేను ఆపలేదు. ఆపితే మగ్గం కూడా ఆపాల్సి వచ్చేది.

చల్ల కేక మలుపు తిరిగింది, సన్నబడింది, పోయింది. నేను మాత్రం నేస్తూనే ఉన్నాను. ఆ ముసలామె చెవులు ఎంత దూరం వింటాయో నాకేం తెలుసు?