కూడికలో తీసిన సూటు

కల్లూరులో మా వీధి మొత్తానికీ కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ముసలివాణ్ణి నేనొక్కణ్ణే. పదుల కొద్దీ రాశాను. సరే, పది. పక్కన కూర్చుని చూసినవి తీసేస్తే ఒకటి. ఆ ఒక్కదాని సంగతే ఇది.

మా మేడమీది గదిలో పులివెందుల వైపు నుంచి వచ్చిన అమ్మాయి అద్దెకుంటోంది. వాళ్ళ నాయనది చీనీ తోట, అంటే బత్తాయి. కర్నూలులో ఫీజు లేకుండా కంప్యూటరు నేర్పే చోట ఆమెకు సీటు దొరికింది. అయితే మొదట ఇచ్చిన లెక్కలన్నీ గడువులోగా తప్పు లేకుండా పంపాలి. లేకపోతే ఆ సీటు వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. సరిగ్గా గడువు రోజే పిల్లకు జ్వరం పట్టుకుంది.

లెక్కలంటే పెద్దవేమీ కావు. రెండు అంకెలు లోపలికిస్తే జవాబు బయటికిచ్చే చిన్న ఫంక్షన్లు. కూడేదొకటి, హెచ్చవేసేదొకటి, సగటు తీసేదొకటి, అలాంటివే. వణుకుతూనే అన్నీ రాసి, ఆఖరిదాని దగ్గర ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగింది.

"తాతా, కండ్లు మండుతాండాయి. నువ్వు శానా రాసినానంటివి కదా, ఈ ఒక్కటీ కొట్టు. నేను మాత్ర ఏసుకొని రోంతసేపు పడుకుంటా."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆయప్ప మాట నమ్మినావా తల్లీ? ఫోన్లో రీచార్జి చేసుకునేకి రాదు ఆయప్పకు."

నేను వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాను.

ప్రశ్న చదివితే నవ్వొచ్చింది. రెండు బండ్ల సరుకు బరువు ఇస్తే, మొత్తం బరువు చెప్పే ఫంక్షన్ రాయాలట. చీనీ మండీలో కాటా దగ్గర తల నెరిసినవాణ్ణి, నన్నా బరువులడిగేది! ఆమె పైన రాసినవాటిని చూస్తూ ఒంటివేలితో కొట్టి, మీట నొక్కాను. తెర ఎర్రబడింది. వెయ్యి కిలోలూ వెయ్యి కిలోలూ ఇస్తే రెండు వేలు రావాలట, నా ఫంక్షన్ పద్దెనిమిది వందలంటోందట.

"ఈ కంప్యూటరుకు కూడిక రాదు" అన్నాను.

"దానికి రాదా, నీకు రాదా?" అంది మా ఆవిడ.

చెరిపి మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎరుపే. వేడెక్కిందేమోనని ల్యాప్‌టాప్‌ను ఫ్యాను కింద పెట్టి చూశాను. గడువు దగ్గరపడుతోంది. డాబులు కొట్టడం సరదాగానే ఉంటుంది, కానీ పిల్ల సీటు పోతే ఏ మొహం పెట్టుకుని ఆ మెట్లెక్కను? ఎక్కి లేపాను.

ఆమె నేను రాసింది చదివింది.

"తాతా, కూడినాక ఈ మైనస్ ఏంది?"

"సూటు తల్లీ."

మండీలో రైతు కాయలు దించితే టన్నుకు వంద కిలోలు సూటు పేరుతో తీసేసి, మిగిలినదానికే ధర కట్టేవాళ్ళం. కుళ్ళుకాయలుంటాయని అనేవాళ్ళం. లేకపోయినా తీసేవాళ్ళం. నా వేలు దానంతటదే ఆ పని చేసేసింది. బరువంటే సూటు పోను మిగిలిందేనని నా లెక్క.

అంత జ్వరంలోనూ పిల్ల పక్కున నవ్వింది. "మా నాయన కాడ తీసింది చాల్లేదా? కంప్యూటర్ కాడ కూడా సూటు తీస్తాండావా?"

"అందరూ తీసేదే కదమ్మా..."

"తీయమని యాడ రాసుండాది? మా నాయన ఏరి ఏరి తెచ్చినా తీస్తిరి. నువ్వు పెట్టింది నువ్వే చెరుపు."

చెరిపాను. రైతుకు సూటు వెనక్కివ్వడం నా జన్మలో అదే మొదలు. తెర పచ్చబడింది. పిల్ల గబగబా పంపేసి ముసుగుతన్ని పడుకుంది.

సీటు నిలిచిందని తర్వాత కబురొచ్చింది. ఆ సీటు నిలబెట్టింది నేనేనని టీ అంగడి దగ్గర చెప్పుకున్నాను. పోగొట్టబోయింది ఎవరో చెప్పలేదు.

మొన్న వాళ్ళ నాయన కూతుర్ని చూడటానికి వచ్చి, నా చేతులు పట్టుకున్నాడు. "ఏమప్పా, నా బిడ్డకు శానా సాయం చేసినావంట!"

పిల్ల మెట్లమీద నిలబడి, ఈ ముసలాడు ఏమంటాడా అని చూస్తోంది.

"సాయమేం లేదప్పా. కూడింది నీ కూతురు. నేను తీసేసినోణ్ణి" అన్నాను.

ఆయనకేమీ అర్థం కాక, పెద్దవాణ్ణి కదా అని నవ్వాడు. పిల్ల మాత్రం నవ్వు ఆపుకోలేక పైకి పరిగెత్తింది.